బుడగ లేని పెన్ను కడ్డీ: తక్కువ ఖర్చులో పీడన పాత్ర

కలము అనే మాట ఉర్దూ చదివే మిత్రునికీ తెలుగు చదివే మిత్రునికీ ఒకటే. లిపి వేరు, వ్రాత నడిచే దిక్కు వేరు. చేతిలోని పనిముట్టు మాత్రం ఒక్కటే. ఆ పనిముట్టును మన రాష్ట్రాలలో చేతితో తయారుచేసే సంప్రదాయము కూడా ఉన్నది. రాజమహేంద్రవరంలో శ్రీ కోసూరి వెంకటరత్నం గారు 1932లో ప్రారంభించిన పెన్నుల తయారీ, 1935లో గాంధీజీ ఆ పెన్నును వాడి మెచ్చుకొంటూ వ్రాసిన లేఖ చాలామందికి తెలిసినవే. అక్కడి పెన్నులకు ప్రసిద్ధమైన పదార్థము ఎబొనైటు, అనగా రబ్బరును గంధకముతో కలిపి ఎక్కువసేపు వేడిచేస్తే వచ్చే గట్టి పదార్థము. దాని కడ్డీని లేతు మీద బిగించి, తొలిచి, నునుపు చేసి పెన్ను చేస్తారు.

ఎబొనైటు కడ్డీ తయారుచేయడం కళాశాల వర్క్‌షాపు శక్తికి మించినది. రెజిన్ కడ్డీ అట్లా కాదు. రెండు ద్రవాలను కొలత ప్రకారం కలిపి అచ్చులో పోస్తే అది తనంత తాను గట్టిపడుతుంది. కావలసిన రంగు వేసుకోవచ్చు, అభ్రకపు పొడి కలిపి మెరుపు తేవచ్చు. లేతు మీదికి ఎక్కడానికి సిద్ధంగా ఉండే ఇటువంటి కడ్డీని పని తెలిసినవారు బ్లాంకు అంటారు. సుమారు 20 మిల్లీమీటర్ల మందము, 13 నుండి 15 సెంటీమీటర్ల పొడవు ఉంటే ఒక పెన్నుకు సరిపోతుంది. ఇంత సులువైన పనికి ఒక్కటే అడ్డంకి. ఆ అడ్డంకి గాలిబుడగ.

రెండు ద్రవాలను కలపడమంటే గాలిని కూడా కలపడమే. ఎంత నిదానంగా కలియబెట్టినా కొంత గాలి చిక్కుకొంటుంది. చెక్క ముక్కలో, కాగితములో ఉన్న గాలి కూడా బయటికి వస్తుంది. యూరితేను రెజిన్ అయితే తేమ తగిలినప్పుడు తానే కార్బన్ డయాక్సైడును పుట్టిస్తుంది. పైకి చూస్తే కడ్డీ నున్నగానే ఉంటుంది. లేతు మీద ఉలి తగిలి నాలుగు పొరలు లేచిన తరువాత లోపలి బుడగలు ఒక్కొక్కటే తెరుచుకొని మశూచి మచ్చల వలె గుంటలు పడతాయి. మర కోసే చోట బుడగ ఉంటే మరచుట్టు విరుగుతుంది. పెన్ను మూత బిగియదు.

మన వంటి కళాశాలకు ఈ బుడగ ఇంకొక చిక్కు తెచ్చిపెడుతుంది. పెన్నులో అమర్చే ఇత్తడి గొట్టము చుట్టూ పలుచని కాగితము చుట్టి, దాని మీద పేరు వ్రాసి, పైన స్వచ్ఛమైన రెజిన్ పోస్తే అక్షరాలు గాజులో ఉన్నట్లు కనిపిస్తాయి. (కాగితానికి ముందుగా పలుచని రెజిన్ పూత వేసి ఆరనివ్వాలి. లేకపోతే అది రెజిన్‌ను పీల్చి నూనెకాగితము వలె మారిపోతుంది.) ఉర్దూలో ఒక్క నుక్తా చోటు మారితే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’ అవుతుందని మన ఉర్దూ అధ్యాపకులు తరగతిలో నవ్వుతూ హెచ్చరిస్తూ ఉంటారు. గాలిబుడగ అచ్చంగా నుక్తా వలెనే ఉంటుంది. తెలుగు అక్షరము ప్రక్కన పడితే సున్న అయి కూర్చుంటుంది. ‘జట’ ‘జంట’ అవుతుంది. అందుచేత బుడగను తొలగించడం మనకు అందము కోసమే గాక అర్థము కోసం కూడా అవసరమే.

తొలగించడం అన్నాము గాని, నిజానికి పీడన పాత్ర బుడగను తొలగించదు. ఈ సంగతి బాగా తెలుసుకొంటే మిగిలిన పని అంతా తేలికగా అర్థమవుతుంది. శూన్యపు పంపు బుడగను ఉబ్బించి పైకి లాగి పగులగొడుతుంది. పీడన పాత్ర దానికి విరుద్ధమైన పని చేస్తుంది. పోత పోసిన అచ్చును బిగువైన పాత్రలో పెట్టి, చుట్టూ గాలి ఒత్తిడి పెంచి, బుడగను కంటికి కనిపించనంత చిన్నది చేసి, రెజిన్ గట్టిపడేదాకా ఆ స్థితిలోనే పట్టి ఉంచుతుంది.

ఎంత చిన్నది చేస్తుంది? రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమమును ఇంటర్మీడియట్ విద్యార్థులు ఎరుగుదురు. ఈ వ్యాసములో పీడనాన్ని చదరపు అంగుళానికి పౌన్ల లెక్కన చెబుతాము; టైర్లకు గాలి కొట్టే దుకాణాలలో నడిచే లెక్క అదే. గేజీ 40 పౌన్లు చూపిస్తున్నదంటే వాతావరణ పీడనము 14.7 కలుపుకొని అసలు పీడనము 54.7 అన్నమాట. అనగా మామూలు కంటె సుమారు 3.7 రెట్లు. బుడగ ఘనపరిమాణము నాలుగవ వంతుకు దగ్గరగా తగ్గుతుంది. విద్యార్థి మిత్రులు ఇక్కడ కొంచెం ఆగాలి. ఘనపరిమాణము నాలుగవ వంతు అయితే బుడగ వ్యాసము నాలుగవ వంతు కాదు, ఘనమూలము తీయాలి. 1 మిల్లీమీటరు బుడగ 0.65 మిల్లీమీటరు అవుతుంది, అంతే. పీడనాన్ని 60 పౌన్లకు పెంచినా 0.58 దగ్గర ఆగుతుంది. ఈ లెక్క చూస్తే ఇంత శ్రమకు ఫలితము ఇంతేనా అనిపిస్తుంది. అయినా పీడనములో గట్టిపడిన కడ్డీని కోసి చూస్తే బుడగ దాదాపు కనిపించదు. దీనికి బాయిల్ ఒక్కరే సమాధానము చెప్పలేరు.

మిగిలిన సగము సమాధానము విలియం హెన్రీ 1803లో చెప్పిన నియమములో ఉన్నది. ద్రవము మీద వాయువు ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ వాయువు ద్రవములో ఎక్కువగా కరుగుతుంది. నలిగి చిన్నదైన బుడగ మీద తలతన్యత ఒత్తిడి కూడా తోడవుతుంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ ఒత్తిడి అంత ఎక్కువ. ఈ రెండూ కలిసి చిన్న బుడగలోని గాలిని రెజిన్‌లోకి కరిగించివేస్తాయి. గోలీసోడా దీనికి చక్కని ఉదాహరణ. గోలీ బిగిసి ఉన్నంతసేపు సోడాలో బుడగ ఉండదు. గోలీని నొక్కగానే బుసబుస పొంగుతుంది. మన రెజిన్ కూడా ద్రవముగా ఉండగానే పీడనము వదిలితే ఆ సోడా గతే పడుతుంది. కరిగిన గాలి మళ్ళీ బుడగలు కడుతుంది. కాబట్టి రెండు షరతులు పాటించాలి. రెజిన్ చిక్కబడక ముందే పీడనము ఎక్కాలి. పూర్తిగా గట్టిపడేదాకా దిగకూడదు. గాలి కారిపోయే పాత్ర చవకగా దొరికినా మనకు పనికిరాదనడానికి కారణము ఇదే.

ఇక పాత్ర సంగతి. ఈ పని కోసమే తయారైన పాత్రలు ఖరీదైనవి. తక్కువ ఖర్చులో పని జరగాలనుకొనేవారు సాధారణంగా రంగులు చల్లేవారు వాడే పెయింటు ప్రెషరు ట్యాంకును కొని మార్చుకొంటారు. పది లీటర్ల పరిమాణము చాలు. సికింద్రాబాదు రాణీగంజి వంటి యంత్ర పరికరాల బజారులో వెతకవచ్చు. కొనేటప్పుడు పాత్ర మీద గరిష్ఠ పీడనము చెక్కిన రేకు ఉన్నదా, లేదా అని మొదట చూడాలి. రేకు లేని పాత్ర ఎంత చవక అయినా తీసుకొనరాదు. మూతకు కలియబెట్టే చక్రము అమర్చిన రకము వద్దు. ఆ ఇరుసు చుట్టూ గాలి కారుతుంది. లోపల తుప్పు, ఎక్కడైనా సొట్ట, మూత బిగించే క్లాంపులలో పగులు ఉంటే దానిని అక్కడే వదిలి రావాలి.

ఇంత పట్టుదల ఎందుకో కమిటీ పెద్దలకు లెక్కతో మనవి చేయవలసి ఉన్నది. మూత అడ్డుకొలత 24 సెంటీమీటర్లు అనుకొందాము. దాని వైశాల్యము 452 చదరపు సెంటీమీటర్లు. 40 పౌన్లంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 కిలోలు. గుణిస్తే మూతను పైకి నెట్టే బలము 1270 కిలోలకు చేరుతుంది. ఒక చిన్న కారు బరువు కంటె ఎక్కువ! ఆరు క్లాంపులు ఉంటే ఒక్కొక్కటి 210 కిలోలు మోయాలి. ఒకటి సరిగా బిగియకపోతే దాని భారము ఇరుగుపొరుగు వాటి మీద పడుతుంది.

బలము ఒక ఎత్తు, నిలువ ఉన్న శక్తి ఇంకొక ఎత్తు. పది లీటర్ల గాలి 40 పౌన్ల నుండి ఒక్కసారిగా వ్యాకోచిస్తే సుమారు 3000 జౌళ్ల పని చేస్తుంది. పది కిలోల రాయి 30 మీటర్ల ఎత్తు నుండి నేల మీద పడితే వెలువడే శక్తి ఇంచుమించు అంతే. అందులో కొంత చుట్టుప్రక్కల గాలిని నెట్టడంలో ఖర్చయినా, మిగిలినది మూతనో పెంకునో విసరడానికి చాలు. అదే పాత్రను నీటితో నింపి అదే పీడనము ఎక్కిస్తే నీటిలో నిలువ ఉండే శక్తి ఒక జౌలు కూడా ఉండదు, ఎందుకంటే నీరు నలగదు. పాత్ర బలాన్ని పరీక్షించేటప్పుడు గాలితో గాక నీటితో ఎందుకు పరీక్షిస్తారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఖర్చు తగ్గించాలనే ఉత్సాహములో కొందరు వేరే దారులు సూచిస్తారు. వంటింటి ప్రెషరు కుక్కరు వారి మొదటి ఆలోచన. కుక్కరు పనిచేసే పీడనము సుమారు 15 పౌన్లు. అది దాటకముందే వెయిటు లేచి ఆవిరి వదులుతుంది. 40 పౌన్లు కావాలంటే ఆ వెయిటును అదిమిపెట్టి, సేఫ్టీ వాల్వును మూసివేయాలి. వంటింట్లో ఏ తల్లీ చేయనివ్వని పని ప్రయోగశాలలో చేయదగినది కాదు. రెండవ ఆలోచన లావుపాటి పి.వి.సి. గొట్టానికి రెండు మూతలు అతికించడం. నీటికి ఎంతో నమ్మకముగా పనిచేసే ఆ గొట్టము గాలి పీడనానికి పగిలితే గాజు వలె ముక్కలై ఎగురుతుంది. అదే పి.వి.సి. సన్నని గొట్టాన్ని నిలువునా చీల్చి, లోపల మైనము పూసి, మళ్ళీ చుట్టి కట్టి పెన్ను కడ్డీకి అచ్చుగా వాడితే బహు చక్కగా పనిచేస్తుంది. ఒకే వస్తువు అచ్చుగా నేస్తము, పాత్రగా శత్రువు. పాత గ్యాసు సిలిండరును కోయడం గురించి వ్రాయడానికి కూడా మేము ఇష్టపడము.

పెయింటు ట్యాంకు మూత మీద గాలి లోపలికి పోయే దారి, రంగు బయటికి వచ్చే దారి, గేజీ, సేఫ్టీ వాల్వు ఉంటాయి. మూత అడుగున రంగును పీల్చే పొడవాటి గొట్టము వ్రేలాడుతూ ఉంటుంది. దానిని విప్పి, ఆ రంధ్రాన్ని పీడనానికి తగిన ఇత్తడి లేక ఉక్కు ప్లగ్గుతో మూసివేయాలి. గాలి దారికి ఒక బాల్ వాల్వు బిగించాలి. గాలి ఎక్కించిన తరువాత దానిని మూసివేస్తే పాత్రకు పంపుతో పని ఉండదు. రాత్రి కరెంటు పోయినా పోతకు ముప్పు లేదు. మరలకు టెఫ్లాన్ టేపును మర తిరిగే దిక్కుగా మూడు నాలుగు చుట్లు చుట్టాలి.

మరల విషయములో ఒక మోసము ఉన్నది. కొన్ని పాత్రలకు అమెరికా పద్ధతి మర ఉంటుంది, మన బజారు ఫిట్టింగులకు బ్రిటిష్ పద్ధతి మర ఉంటుంది. పావు అంగుళపు కొలతలో అమెరికా మరకు అంగుళానికి 18 చుట్లు, బ్రిటిష్ మరకు 19. కాబట్టి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకొంటుంది. బిగిసింది గదా అని మనిషి సంతోషిస్తాడు. అర అంగుళములో రెండింటికీ 14 చుట్లే గనుక మోసము ఇంకా ఎక్కువ. కాని మర కోణము ఒకదానికి 60 డిగ్రీలు, రెండవదానికి 55. అందుచేత అన్ని ఫిట్టింగులూ ఒకే పద్ధతివి కొనాలి. తప్పనిసరి అయితే ఒక పద్ధతి నుండి ఇంకొకదానికి మార్చే అడాప్టరు వాడాలి. టేపు ఎక్కువగా చుట్టి సరిపుచ్చడం సమాధానము కాదు.

సేఫ్టీ వాల్వు పాత్రతో వచ్చినదే అయినా దానిని నమ్మకుండా కొత్తది, తెరుచుకొనే పీడనము అంకె వేసి ఉన్నది కొనడం మంచిదని మా అభిప్రాయము. పాత్ర గరిష్ఠము 60, మనము వాడేది 40 అయితే, వాల్వు 50 దగ్గర తెరుచుకోవాలి. వాల్వుకూ పాత్రకూ మధ్య మూసే తాళమేదీ ఉండరాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 31వ సెక్షనులో పీడన యంత్రాలు సురక్షిత పీడనము దాటకుండా తగిన ఏర్పాటు ఉండాలని ఆనాడే విధించింది. కళాశాల వర్క్‌షాపు ఫ్యాక్టరీ కాదు. పది లీటర్ల పాత్రను చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు కూడా. అందువలననే ఆ బాధ్యత మన కమిటీ మీద, మన మీద పడుతున్నది.

కంప్రెసరు కొనాలి గదా, ఖర్చంతా అక్కడే గదా అని పెద్దలు అడుగవచ్చు. మా సలహా ఏమిటంటే, కొననక్కరలేదు. పది లీటర్ల పాత్రను 40 పౌన్లకు తేవడానికి బయటి గాలి సుమారు 27 లీటర్లు లోపలికి ఎక్కాలి. సైకిలు షాపులో నిలబడి కొట్టే పంపు గొట్టము 3 సెంటీమీటర్ల వ్యాసము, 45 సెంటీమీటర్ల పొడవు ఉంటే ఒక్కొక్క పోటుకు సుమారు 0.3 లీటరు గాలి ఇస్తుంది. అంటే తొంబది పోట్లు. నష్టాలు కలుపుకొని వంద అనుకోండి. ఇద్దరు విద్యార్థులు మార్చుకొని కొడితే కొద్ది నిమిషాల పని. బాల్ వాల్వుకు ముందు కారు టైరు వాల్వు మొలకు తగిన ఫిట్టింగు బిగిస్తే పంపు అక్కడ తగులుతుంది. చేతి పంపుతో పీడనము పొరపాటున హద్దు మీరడం కూడా కష్టము. కంప్రెసరు అయితే దాని తొట్టిలో వందకు పైగా పౌన్లు ఉంటాయి గనుక రెగ్యులేటరు లేకుండా కలపనే రాదు. ఈ విధముగా మిగిలిన సొమ్ములో నుండి సేఫ్టీ వాల్వు, మంచి గేజీ, కొత్త రబ్బరు గాస్కెట్టు కొనాలని మా మనవి.

ఇంకొక పొదుపు ఉన్నది. పాత్రలో అచ్చు ఆక్రమించేది కొద్ది చోటే. మిగిలినదంతా వట్టి గాలి. అడుగున బాగా ఆరిన చెక్క దిమ్మెలు పేర్చి, వాటి మీద సమతలముగా ఒక పలక వేసి, ఆ పలక మీద అచ్చు పెడితే గాలి పట్టే చోటు సగానికి తగ్గుతుంది. పంపు పోట్లు సగమవుతాయి, నిలువ శక్తీ సగమవుతుంది. పాత్ర అడుగు గుండ్రముగా ఉంటుంది గనుక ఆ పలక ఎటు తిరిగీ కావలసినదే.

బిగింపు పూర్తికాగానే నీటి పరీక్ష చేయాలి. సేఫ్టీ వాల్వును తాత్కాలికముగా విప్పి ఆ రంధ్రానికి ప్లగ్గు వేసి, పాత్రను గాలి చుక్క మిగలకుండా నీటితో నింపి, నల్లా పని చేసేవారు వాడే చేతి టెస్టు పంపుతో రేకు మీది గరిష్ఠానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి కొంతసేపు ఉంచాలి. అధ్యాపకుల సమక్షములో తప్ప ఇది చేయరాదు. ఎక్కడా కారకుండా, ఉబ్బకుండా నిలబడితే నీరు వంచి, బాగా ఆరబెట్టి, సేఫ్టీ వాల్వును తిరిగి బిగించాలి. ఆ పిమ్మట గాలితో 20 పౌన్లు, తరువాత 40 పౌన్లు ఎక్కించి కీళ్ల మీద సబ్బునీరు పూయాలి. బుడగ లేచిన చోట గాలి కారుతున్నదన్నమాట. బుడగను పోగొట్టే యంత్రానికి బుడగే పరీక్షాధికారి కావడం తమాషాగా లేదూ! ఒక రాత్రంతా ఉంచి, ఉదయానికి ముల్లు కదలకుంటే పాత్ర సిద్ధమైనట్లే.

రెజిన్ ఏది? కొన్ని యూరితేను రకాలు ఐదు పది నిమిషాలలోనే చిక్కబడతాయి. చేతి పంపుతో అంత వేగము సాధ్యము కాదు. పాలియెస్టరు చవక, కాని దాని ఘాటు భరించరానిది. మన బజారులో దానికి హార్డెనరు, యాక్సిలరేటరు అని రెండు సీసాలు విడిగా ఇస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలుడు సంభవిస్తుంది. విద్యార్థుల చేతికి నిదానముగా గట్టిపడే ఎపాక్సీ మంచిది. అరగంట వ్యవధి దొరుకుతుంది, ప్రతిగా ఒక రోజంతా పీడనములో ఉంచాలి. ఏ రకమైనా చేతులకు తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి.

అచ్చు సిలికాను రబ్బరుతో చేసుకొంటే ఆ అచ్చును కూడా పీడన పాత్రలోనే పోత పోయాలి. లేకుంటే రబ్బరులో దాగిన బుడగలు పీడనానికి లోపలికి కుంగి, ఆ గుంటలలోకి రెజిన్ చేరి కడ్డీ నిండా మొటిమలు లేస్తాయి.

పోత పోసిన పిమ్మట మూత పెట్టి, క్లాంపులను ఎదురెదురుగా రెండేసి చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి. ఒక ప్రక్క నుండి వరుసగా బిగించరాదు. గాలి కొట్టేటప్పుడు ఎవరూ మూత పైకి వంగి చూడరాదు. 40 చేరగానే బాల్ వాల్వు మూసి, పంపు తీసి, పాత్రను గోడ మూలన పెట్టి, దాని మీద ‘గాలి ఉన్నది’ అని తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసిన అట్ట తగిలించాలి. పోసిన రెజిన్‌లో కొంచెము ఒక కాగితపు గిన్నెలో బయట మిగిల్చి ఉంచితే, అది గోటికి లొంగనంత గట్టిపడిన తరువాత లోపలిది కూడా గట్టిపడిందని ఊహించవచ్చు. అయినా ఎపాక్సీకి చెప్పిన గడువు పూర్తికానివ్వాలి. అప్పుడు బాల్ వాల్వును నెమ్మదిగా తెరచి, గేజీ ముల్లు సున్న మీద నిలిచి, చప్పుడు పూర్తిగా ఆగిన తరువాతనే మొదటి క్లాంపు మీద చేయి వేయాలి. ముల్లు ఇరుక్కొనిపోవడమూ కద్దు. కాబట్టి సేఫ్టీ వాల్వు వలయాన్ని కూడా ఒకసారి లాగి చూడాలి.

కడ్డీని వెంటనే లేతు మీదికి ఎక్కించక రెండు మూడు రోజులు ఆగితే ఉలికి పొడవాటి రిబ్బనుల వంటి పొట్టు వస్తుంది. పొడిపొడిగా రాలితే ఉలి మొద్దుబారిందనో, రెజిన్ పాళ్లు కుదరలేదనో గ్రహించాలి. ప్రతి పోతకు తేదీ, రెజిన్ రకము, పాళ్లు, సాయంత్రము ముల్లు ఎక్కడ ఉన్నది, ఉదయము ఎక్కడ ఉన్నది వ్రాసే ఒక నోటుబుక్కు పాత్ర ప్రక్కనే ఉంచాలి. సాయంత్రపు అంకెకూ ఉదయపు అంకెకూ మధ్య రెండు పౌన్లకు మించి తేడా కనిపించిన నాడు ఆ గదిలోని వేడి చల్లదనము మారిందేమో చూచుకొని, కాకపోతే గాస్కెట్టు మార్చి, సబ్బునీటి పరీక్ష మళ్ళీ చేసి, ఆ తరువాతనే ఇంకొక పోత పోయాలి.